పట్టా బండి మీద కాదు, బండి కింద

చిరంజీవి కిట్టుకి,

ఫొటోలన్నీ చూశాను. తలుపుల కింది పట్టీలో తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త ముక్క అతికించిన తీరు బాగుంది. మొదటిసారి టింకరింగ్ చేసినవాడి పనిలా లేదు. ఆఖరి ఫొటో దగ్గరే ఆగిపోయాను. మారుతి కారుకి బూడిద రంగు ప్రైమర్ కొట్టి వాకిట్లో వదిలేశావు, రంగు వచ్చే నెల అన్నావు. జులైలో, కాకినాడలో!

ప్రైమర్ పడింది కాబట్టి రేకు భద్రం అని నీ లెక్క. నువ్వు కొట్టింది సర్ఫేసర్ రా. దాని పని గీతలు పూడ్చడం, నున్నగా రుద్దడానికి వీలివ్వడం. అందుకోసం దాన్లో టాల్కు లాంటి పొడి దండిగా కలుపుతారు. గరుకు పేపరుకి హాయిగా తెగేదీ ఆ పొడి వల్లే, కొత్త కుండలా నీళ్లు పీల్చేదీ ఆ పొడి వల్లే. దాని కింద నువ్వు పెట్టిన లప్పానిదీ అదే గుణం. చెమ్మ రేకు దాకా దిగినా పైకి ఏమీ తెలీదు. రంగు వేసి, పాలిష్ పట్టి, నలుగురికీ చూపించుకున్నాక ఏ ఏప్రిల్ ఎండలోనో లోపలి చెమ్మ ఆవిరై సన్నటి పొక్కులు లేస్తాయి. అప్పుడందరూ రంగు అమ్మినవాణ్ణి తిడతారు, పాపం.

నీటిని నిజంగా ఆపేది ఎపాక్సీ ప్రైమర్, రెండు డబ్బాలు కలిపి కొట్టేది. శుభ్రంగా రుద్దిన రేకు మీద ముందు అది పడాలి. ఆ పైన లప్పం, ఆ పైన సర్ఫేసర్, వెంటనే రంగు. మధ్యలో పని ఆగేలా ఉంటే ఎపాక్సీ దగ్గరే ఆపుకో, సర్ఫేసర్ దగ్గర మాత్రం ఆపకు. ఎపాక్సీకి ఎండ పడదు, నీడలో ఉంచు. పై పూతకి డబ్బా మీద రాసిన గడువు దాటిపోతే ఓసారి గరుకుగా రుద్ది ముందుకెళ్లు. కొట్టువాడు దాని బదులు యాసిడ్ ప్రైమర్ చేతిలో పెడితే, దాని మీద నేరుగా లప్పం పెట్టొద్దు, పట్టు సరిగా దొరకదు.

వాన పడలేదుగా అంటావేమో. మంచు చాలు. మీ ఊళ్లో వానాకాలం రాత్రి 28 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం అనుకో. రేకు 25 డిగ్రీలకి చల్లబడితే దాని మీద నీరు దిగుతుంది. ఆరుబయట ఆకాశం కింద ఉన్న టాపు, బానెట్ గాలి కంటే ఇంకా చల్లబడతాయి. తెల్లవారుజామున బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. అందుకే నీరు దిగే ఆ వేడి కంటే రేకు కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే స్ప్రే గన్ పట్టాలి. తేమ 85 దాటితే ఆ రోజుకి మానెయ్. తేమ చూపించే చిన్న మీటరు కొనుక్కో, పెద్ద ఖరీదేం కాదు. పొద్దున పది దాటాక మొదలుపెట్టి మూడు లోపు ముగించు.

ఇక ఫొటోలో కనపడిన ఆ నీలం టార్పాలిన్ పట్టా సంగతి. రేకుకి అంటుకునేలా కప్పితే నేల చెమ్మంతా పైకి లేచి దాని లోపలే చుక్కలు కడుతుంది. పట్టాని బండి కింద నేల మీద పరిచి, బండి మీద నూలు గుడ్డ వెయ్యి. రేకుల షెడ్డు కిందికి తోయగలిగితే ఇంకా మేలు.

మన షెడ్లలో బకెట్ నీళ్లు, వాటర్ పేపర్ లేకుండా పని సాగదు. నువ్వు మాత్రం సర్ఫేసర్‌ని 400 నంబరు పేపరుతో పొడిగానే రుద్దు, మూతికి మాస్కు పెట్టుకుని. తడిగా రుద్దక తప్పకపోతే బోరు నీళ్లు వాడకు. ఉప్పు పూత కింద మిగిలితే చెమ్మని అదే లాక్కుంటుంది. చెమట చేతుల ముద్రలూ అంతే. రుద్దాక తుడిచి, తలుపు మడతల్లోకి గాలి కొట్టి, మంచి ఎండలో ఆరనివ్వు.

కంప్రెసర్ ట్యాంకు అడుగు మర రోజూ విప్పు, ఎన్ని నీళ్లు వస్తాయో చూసి ఆశ్చర్యపోతావు. తేమ పట్టే ట్రాప్‌ని కంప్రెసర్ పక్కనే బిగించకు. అక్కడ గాలి వేడిగా ఉంటుంది, నీరు ఆవిరిగానే దాటిపోతుంది. గాలి చల్లబడిన చోట, గన్ వైపు పెట్టు. టూ-కే రంగులో కలిపే హార్డెనర్ డబ్బా మూత గట్టిగా వెయ్యి, గాలిలో తేమ తగిలితే పాడవుతుంది. ఆ హార్డెనర్ ఊపిరితిత్తులకి మంచిది కాదు. గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి.

ఇప్పుడున్న సర్ఫేసర్ సంగతి. వాన తగిలి ఉంటే నా మాట విని రేకు దాకా తీసెయ్. తగలకపోతే ముందు అతుకుల దగ్గరా, అంచుల దగ్గరా పొడిగా రుద్ది చూడు. గోధుమరంగు చార కనపడిన చోటల్లా రేకు తెల్లబడేదాకా రుద్ది ఎపాక్సీ కొట్టాలి. కుడివైపు ముందు తలుపు కింది మడత లోపల కనపడేలా దగ్గరగా ఒక ఫొటో తీసి పంపు. రంగు డబ్బా అది చూశాకే కొందువు గాని.

ఇట్లు,
మీ మావయ్య