నవరత్నాల ఉంగరం: రాళ్ళను గుర్తించే విధానం

తరతరాలుగా వచ్చిన నవరత్నాల ఉంగరం అనేక ప్రవాసాంధ్ర కుటుంబాలలో భద్రంగా ఉంటుంది. బంగారం నాణ్యతను గీటురాయి తెలుపుతుంది. రాళ్ళ విషయం అంత సులభం కాదు.

రంగును బట్టి రాయికి పేరు పెట్టరాదు. బ్రిటిష్ రాజకిరీటంలో ‘బ్లాక్ ప్రిన్స్ కెంపు’గా ప్రసిద్ధి చెందిన పెద్ద ఎర్రరాయి నిజానికి కెంపు కాదు, స్పినెల్. కెంపు అల్యూమినియం ఆక్సైడ్. స్పినెల్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది. రెండింటికీ ఎరుపునిచ్చేది లేశమాత్రపు క్రోమియమే.

రాయిని ఊడదీయకుండా చేయదగిన ముఖ్యపరీక్ష వక్రీభవన గుణకాన్ని కొలవడం. రాయిలో ప్రవేశించిన కాంతి ఎంతగా వంగుతుందో ఈ సంఖ్య తెలుపుతుంది. కెంపు, నీలం, కనకపుష్యరాగం మూడూ కురువిందమనే ఒకే ఖనిజం; వాటి గుణకం సుమారు 1.76–1.77. స్పినెల్‌కు 1.72, గోమేధికానికి 1.74, పచ్చకు 1.58 ప్రాంతంలో ఉంటుంది. పుష్యరాగంగా చెలామణి అయ్యే టోపాజ్‌కు 1.61–1.64 మాత్రమే. పైగా కెంపు కాంతికిరణాన్ని రెండుగా చీలుస్తుంది; స్పినెల్, గాజు చీల్చవు.

అయితే కృత్రిమ కెంపుకు కూడా ఇవే అంకెలు వస్తాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నూయీ తన తయారీ పద్ధతిని 1902లో ప్రకటించాడు. కనుక ఉంగరం నాయనమ్మ నాటిదైనంత మాత్రాన రాయి సహజమని నిర్ణయించలేము. ఆ పద్ధతిలో తయారైన కెంపులలో గ్రామఫోను రికార్డు గాడులవంటి వంపుచారలు, గాలిబుడగలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. సహజమైన కెంపులలో పెరుగుదల రేఖలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి.

రాయి అడుగు మూసి ఉన్న పాత ఉంగరాలలో మరో చిక్కు ఉంది. కింద పరచిన రేకు రంగే రాయి రంగుగా భ్రమ కలిగించవచ్చు.

ఇంట్లో గీచి చూడడం, ఆమ్లం వేయడం ఎన్నడూ తగదు. ముత్యంలోనూ పగడంలోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. వెనిగర్ కూడా వాటిని తినివేస్తుంది. పచ్చల పగుళ్ళలో నూనె నింపడం పాత ఆచారం. అల్ట్రాసోనిక్ యంత్రంలో శుభ్రం చేస్తే ఆ నూనె పోయి పగుళ్ళు బయటపడవచ్చు, రాయే విరగవచ్చు. మెత్తని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఉంగరానికి భీమా చేయించే ముందు, కరిగించి కొత్త నగ చేయించే ముందు, అమ్మకంతో సంబంధం లేని రత్నపరీక్షా ప్రయోగశాలలో ప్రతి రాయికీ విడిగా వ్రాతపూర్వక నివేదిక తీసుకోవాలి. ఒకసారి ఊడదీసి చేతులు మారిన రాయి తమదేనని నిరూపించడానికి ఆ కాగితమే ఆధారం.