పిల్లల కీళ్లవాతం: 6 వారాల లెక్క

మర్కూక్ లాంటి ఊళ్లో ఓ పిల్ల పొద్దున మంచం దిగుతూ మోకాలు వంచలేక కుంటుతుంది. మధ్యాహ్నానికి బడి మైదానంలో ఉరుకుతుంది. ‘ఎక్కడో పడ్డట్టుంది’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ పొద్దున ఇలా కీళ్లు బిగుసుకుపోవడమే పిల్లల కీళ్లవాతానికి అసలు ఆనవాలు.

16 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం దొరకని కీళ్లవాపే జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్. 1897లో లండన్ వైద్యుడు జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ పిల్లల కీళ్లవాతాన్ని వివరంగా రాశారు. ఎడ్మంటన్ వర్గీకరణ (2001)లో రకాలు 7. తొలి 6 నెలల్లో 4 కీళ్లవరకే అయితే ఒలిగో, 5 లేదా అంతకుమించితే పాలీ. రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి పాలీ మళ్లీ రెండు. పాజిటివ్ అనాలంటే 3 నెలల ఎడంతో రెండుసార్లు రావాలి. పెద్దల రుమటాయిడ్ కీళ్లవాతానికి దగ్గరిది ఈ పాజిటివ్ రకమే. కీళ్లవాపుతోపాటు 2 వారాల జ్వరం, వచ్చిపోయే దద్దుర్లు ఉంటే సిస్టమిక్. మిగిలినవి సోరియాటిక్, ఎంథసైటిస్ (స్నాయువు ఎముకకు అతికేచోట వాపు) రకం, ఏ గూటికీ చేరనివి.

చాలామంది పొరబడేది ఇక్కడే: రక్తపరీక్ష నెగెటివ్ అయినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. రక్తంలో ఏఎన్‌ఏ (యాంటీన్యూక్లియర్ యాంటీబాడీ) పాజిటివైతే కంటికి స్లిట్ ల్యాంప్ పరీక్ష మరీ ముఖ్యం. ఈ జబ్బుతో వచ్చే కంటిలోపలి వాపు, యువియైటిస్, నొప్పి, ఎరుపు లేకుండానే చూపు తీయగలదు.

పిల్ల పొద్దున కుంటుతోందని చెప్పడానికి ఓ అవకాశం ఉంది: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే వైద్యబృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి.