గ్రామమునకు వచ్చిన విద్యుత్ కారు

2022వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన టాటా మోటార్సు సంస్థవారు టియాగో ఈవీ అను చిన్న విద్యుత్ కారును ప్రకటించిరి. ప్రారంభ ధర 8 లక్షల 49 వేల రూపాయలు. అంతకుముందు ఆ సంస్థవారి విద్యుత్ కారు ఏదియు 12 లక్షల ప్రాంతమునకు తక్కువగా దొరకుట లేదు. అక్టోబరు 10వ తేదీన అడ్వాన్సులు స్వీకరింప నారంభింపగా ఒక్క దినములోనే పదివేలకు పైగా పేర్లు నమోదైనవి. మొదటి పదివేల కార్లకే అని నిర్ణయించిన ధరను మరి పదివేల కార్లకు పొడిగింపవలసి వచ్చినది. తరువాత 2023 ఏప్రిలు 26వ తేదీన ఎం.జి. సంస్థవారు కామెట్ అను ఇంకను చిన్న కారును 7 లక్షల 98 వేల రూపాయలకు తెచ్చిరి.

ఈ వార్తలు వెలువడినప్పుడు పట్టణములలో జనులు రెండు విధములుగా మాటలాడిరి. ఇక పెట్రోలు బంకు ముఖము చూడనక్కరలేదని కొందరు సంతసించిరి. నడిదారిలో కారు ఆగిన బిందెతో నీళ్లు తెచ్చినట్లు కరెంటు తేగలమా, బ్యాటరీ పాడైన మరల కారు ధరంత పోయవలసివచ్చునేమో, అది అంటుకొనునేమో అని మరికొందరు సందేహించిరి. ఇట్టి మాటలు కొత్తవి కావు. 2001లో బెంగళూరున రేవా అను చిన్న విద్యుత్ కారు వెలువడినప్పుడును ఇవియే వినబడినవి. అందులోనివి సీసపు బ్యాటరీలు. ఒకమారు చార్జి చేసిన 80 కిలోమీటర్ల ప్రాంతము మాత్రము పోగలిగెడిది. దాని రూపమును చూచి నవ్వినవారు చాలమంది. అయినను లండను నగరమున జి-విజ్ అను పేరుతో అదే కారును కొనినవారు కలరు. ఏలయన ఆ కాలమున నగర మధ్యభాగమున ప్రవేశించు కార్లపై వసూలు చేయు రుసుము విద్యుత్ కార్లకు లేదు. నవ్వినవారికిని కొన్నవారికిని కారు ఒక్కటే. వారి వారి అవసరములు వేరు. ఈ సంగతిని సభ్యులు మనసున నుంచుకొనినచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గము ఏర్పడిన ఒక గ్రామమునకు నేను ప్రచార కార్యక్రమముపై పోయితిని. అది నల్లగొండ జిల్లాలోనిది. ఆ వారముననే అచటి ఉపాధ్యాయు డొకరు విద్యుత్ కారు కొని ఇంటికి తెచ్చియుండిరి. గ్రామమున కదియే మొదటిది. పిల్లలు దాని చుట్టును మూగి, శబ్దము లేకుండ కదలుచున్నదని కేకలు వేయుచుండిరి. పంచాయతీ కార్యాలయమున సభ్యులు సైతము మురుగుకాలువల సంగతి విడిచి దానిని గూర్చియే మాటలాడుచుండిరి. నేనును ఉత్సాహపడి ఒక చిన్న ఉపన్యాసము చేసితిని.

నేను చెప్పిన లెక్క ఇది. ఆ కారులోని పెద్ద బ్యాటరీ 24 యూనిట్ల విద్యుత్తును పట్టును. ప్రామాణిక పరీక్షలో 315 కిలోమీటర్లు పోవునని సంస్థవారు చెప్పిరి. కాని మన దారులలో, ఎండలో, చల్లదనపు యంత్రము వేసికొని పోవునప్పుడు అంత రాదు. చార్జి చేయునప్పుడు వ్యర్థమగు విద్యుత్తును కూడ కలిపి, మీటరులో తిరిగిన ఒక్కొక్క యూనిటుకు 7 కిలోమీటర్లు వచ్చునని తక్కువగానే అనుకొందము. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగిన 214 యూనిట్లు కావలెను. యూనిటు 10 రూపాయలని అధికపు రేటునే వేసినను 2,140 రూపాయలు. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చునన్నచో 100 లీటర్లు. లెక్క తేలికగుటకు లీటరు 100 రూపాయలే అనుకొన్నను 10,000 రూపాయలు. నెలకు 7,860 రూపాయలు మిగులును. సభ్యులు చప్పట్లు కొట్టిరి.

అప్పుడొక వార్డు సభ్యురాలు లేచి, "సారూ, ఆ పదిహేను వందల కిలోమీటర్లు ఎవరు తిరుగుతరు?" అని అడిగినది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఉపాధ్యాయుని సంగతి చూడగా, ఆయన పాఠశాల 30 కిలోమీటర్ల దూరమున నున్నది. పోయి వచ్చుటకు 60. నెలకు 25 దినములైన సరిగా 1500. ఆయనకు నా లెక్క సరిపోవును. 2022లో అదే టియాగో పెట్రోలు కారు అయిదున్నర లక్షలలోపు ధరకు ప్రారంభమగుచుండెను గనుక, రెంటికిని భేదము 3 లక్షలని పెట్టుకొనిన, నెలకు 7,860 చొప్పున 38, 39 నెలలలో తీరిపోవును. అప్పటికి కారు తిరుగునది 58 వేల కిలోమీటర్లు. బ్యాటరీకి సంస్థవారిచ్చిన హామీ 8 సంవత్సరములు లేదా 1 లక్ష 60 వేల కిలోమీటర్లు. అనగా బ్యాటరీ భయము ఆయనను బాధింప నవసరము లేదు.

కాని ఆ సభలో మరొక రైతు కలడు. అర ఎకరము అమ్మి ఇట్టి కారు కొనవలెనని ఆయన కుమారుడు పట్టుబట్టుచున్నాడట. ఆ కుటుంబము వారమునకు రెండు మారులు పట్టణమునకు పోవును. దూరము 18 కిలోమీటర్లు. నెలకు దాదాపు 300. ఆయన పేర మరల లెక్క వేసితిని. పెట్రోలు 20 లీటర్లు, 2,000 రూపాయలు. విద్యుత్తు 43 యూనిట్లు, 430 రూపాయలు. నెలకు మిగులునది 1,570 మాత్రమే. ఆ 3 లక్షలు తీరవలెనన్న 191 నెలలు, అనగా దాదాపు 16 సంవత్సరములు పట్టును. బ్యాటరీ హామీ ఎనిమిదేండ్లకే ముగియును. అదియు అర ఎకరము ధరపై ఫలసాయమును లెక్కింపకుండ! రైతు ఏమియు అనలేదు. ఆ కాగితము నడిగి తీసికొని మడిచి జేబులో పెట్టుకొనినాడు.

ధరలు మారుచుండును. 2024 ఫిబ్రవరిలో ఆ కారు ప్రారంభ ధర 7 లక్షల 99 వేలకు తగ్గినది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. విద్యుత్ కార్లపై 2019 ఆగస్టు నుండి 5 శాతమే కలదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. కావున కొనునాటి ధరలతోనే లెక్క వేయవలెను. తిరుగు దూరమును మాత్రము ఎవరికివారు నిజాయితీగా వ్రాసికొనవలెను.

ఇంకొక మాట. 2024 సెప్టెంబరులో కామెట్ కారును 4 లక్షల 99 వేలకే ఇచ్చెదమని ఒక పథకము వచ్చినది. అందు బ్యాటరీ మనది కాదు. కిలోమీటరుకు 2 రూపాయల 50 పైసల అద్దె కట్టవలెను. 1500 కిలోమీటర్లకు అద్దెయే 3,750 రూపాయలు, కరెంటు ఖర్చు వేరు. ఇట్టి ఒప్పందమున తిరిగినను తిరుగకున్నను నెలకింత కట్టవలెనను షరతు ఉన్నదా అని చదివిన పిదపనే సంతకము చేయవలెను.

ఇంతవరకు కొనువాని సంగతి. కొనని వారి సంగతి ఆ సభ్యురాలే మరల ఎత్తినది. "మా ఇంట్ల మిక్సీ ఏస్తేనే లైటు గుడ్డిగైతది. గీ కార్లు నాలుగైతే మా గతేంది?" అని ఆమె ప్రశ్న. ఇది నవ్వి త్రోసివేయదగినది కాదు. కారును ఇంటిలోని 15 ఆంపియర్ల సాకెట్టునుండి చార్జి చేసిన 3.3 కిలోవాట్ల వరకు లాగును. చిన్న బ్యాటరీకి ఏడుగంటలు, పెద్దదానికి దాదాపు తొమ్మిది గంటలు. గ్రామములలో చాల ఇండ్లకు మంజూరైన లోడు ఒక కిలోవాటు మాత్రమే. గ్రామమధ్యమున 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదనుకొందము. ఒకే రాత్రి ఏడు కార్లను తగిలించిన 23 కిలోవాట్లగును. ఇక దీపములకు, పంకాలకు మిగులున దేమి? గోడకు బిగించు పెద్ద చార్జరైనచో మూడే చాలును. ఇందుకు మార్గము కార్లను వలదనుట కాదు. కొనినవారు విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసి లోడు పెంపించుకొనవలెను. అప్పుడే ఏ ట్రాన్స్‌ఫార్మరుపై ఎంత భారము పడుచున్నదో సంస్థవారికి తెలిసి పెద్దది వేయుటకు వీలగును. చెప్పకుండ వాడుకొనిన, అది కాలిపోవు దినముననే అందరికి తెలియును.

వ్యవసాయపు మోటారు సర్వీసు నుండి కారును చార్జి చేయవచ్చునా అని ఒక యువకుడు మెల్లగా అడిగినాడు. చేయరాదు. మంజూరైన పనికి గాక వేరొక పనికి వాడుట అనధికార వినియోగము. 2003 విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను క్రింద ఆ పనికి వర్తించు రేటుకు రెండింతలు విధింతురు. 2024 మార్చి నుండి అమలైన గృహజ్యోతి పథకము క్రింద సున్నా బిల్లు పొందు కుటుంబములును జాగ్రత్తపడవలెను. నెలకు 200 యూనిట్లు దాటిన ఆ నెల బిల్లు మొత్తము కట్టవలసి యుండును. 1500 కిలోమీటర్లకు కారొక్కటే 214 యూనిట్లు త్రాగునని చూచితిమి కదా. అట్టివారు కారునకు ప్రత్యేక సర్వీసు తీసికొనుట మేలేమో విద్యుత్ కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.

ఇక ఎర్తు విషయము. ఇది నాకు అన్నింటికంటె ముఖ్యముగా తోచినది. ఉపాధ్యాయుడు మొదటి దినము కారును తగిలింపగా చార్జరు ఎర్రదీపము చూపి పనిచేయక మొండికెత్తినదట. కారణము, సాకెట్టునకు మూడు రంధ్రములున్నను ఎర్తు తీగ లేదు. మన ఇండ్లలో ఇది సామాన్యము. వైరింగు చేయువా డొకడు వచ్చి, సాకెట్టు వెనుక న్యూట్రలు నుండి ఎర్తు పిన్నుకు చిన్న ముక్క వేసిన చాలునని, క్షణములో దీపము పచ్చబడునని చెప్పినాడు. దీపము పచ్చబడును, నిజమే. కాని ఎక్కడనైన న్యూట్రలు తీగ తెగినచో కారు ఇనుప ఒడలంతయు కరెంటుతో నిండును. ఉదయమున తలుపు తీయబోయిన చేయి దానికి బలియగును. ఉపాధ్యాయుడు అదృష్టవశమున ఒప్పుకొనక, గుంట త్రవ్వించి, రాగి పలక దించి, ఉప్పు బొగ్గు పోయించి, దానికి విడిగా తీగ లాగించినాడు. ఎర్తుకు కరెంటు కారిన వెంటనే సరఫరా ఆపివేయు స్విచ్చి నొకదానిని మీటరు ప్రక్కన పెట్టించినాడు. ఇందుకైన వ్యయము కారు ధరలో నూరవ వంతు కూడ లేదు.

అగ్నిభయమునకు ఆధారము లేకపోలేదు. 2022 ఏప్రిలులో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంటిలోపల చార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు ప్రేలి మరణములు సంభవించినవి. తరువాత కేంద్రప్రభుత్వము బ్యాటరీల పరీక్షా నిబంధనలను కఠినపరచి 2022 డిసెంబరు 1 నుండి మొదటి దశను, 2023 మార్చి 31 నుండి రెండవ దశను అమలుపరచినది. స్కూటరు బ్యాటరీని ఊడదీసి పడకగదిలో చార్జి చేయుట నేటికిని అనేకులు మానలేదు. కారు బ్యాటరీ ఊడదీయునది కాదు గనుక ఆ ప్రమాదము తక్కువ. అయినను గడ్డివాము ప్రక్కన, పత్తి నిలువచేసిన పాకలో కారును తగిలింపరాదని పంచాయతీ చాటింపు వేయించుట మంచిది.

సభ ముగియబోవు సమయమున సర్పంచి ఒక కాగితము చూపెను. బస్సు ఆగు చోటున నున్న పంచాయతీ స్థలమును చార్జింగు కేంద్రమునకు ఇమ్మని ఎవరో వ్యాపారి కోరినాడు. సంవత్సరమునకు కొంత మొత్తము ఇచ్చెదనని వ్రాసినాడు. తీర్మానము కూడ వ్రాసి సిద్ధముగా నుండెను. 2022 జనవరి 14న కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ వెలువరించిన మార్గదర్శకములలో ప్రభుత్వ సంస్థల స్థలమును చార్జింగు కేంద్రమునకు ఇచ్చినప్పుడు ఆదాయములో వాటాగా యూనిటుకు ఒక రూపాయి స్థలము గల సంస్థకు చెల్లింపవలెనని, ప్రైవేటు వారికైనచో ఆ రూపాయినే కనీసముగా పెట్టి పోటీ టెండర్ల ద్వారా ఇవ్వవలెనని కలదు. 2024 సెప్టెంబరులో కొత్త మార్గదర్శకములు వచ్చినవి. వాటిని మండలాధికారితో చదివించుకొనక తొందరపడిన, బస్సు ముందటి స్థలము పది సంవత్సరములు చేయిదాటిపోవును. చార్జింగు కేంద్రమునకు లైసెన్సు అక్కరలేదని 2018లోనే కేంద్రము స్పష్టము చేసినది గనుక, ఆశించువారు ఇంకను వత్తురు. ఒక్కని కాగితమునకు లొంగ నవసరము లేదు.

తీర్మానము వాయిదా పడినది. దానికి బదులు, పాఠశాలలోను, అంగన్‌వాడీలోను, పంచాయతీ కార్యాలయములోను ఎర్తు ఉన్నదా లేదా పరీక్షింపవలెనని ఆ సభ్యురాలు ప్రతిపాదించినది. మరునాడు లైన్‌మన్ వచ్చి చూడగా పంచాయతీ కార్యాలయపు సాకెట్టులలోనే ఎర్తు తీగ లేదని తేలినది. సర్పంచి తాను కూర్చుండు గది బయట గుంట త్రవ్వింప మొదలుపెట్టినాడు.