విజిళ్లు లెక్కపెట్టని వంట

నార్త్ కరోలైనాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను శనివారం ‘బార్బెక్యూ’కి రమ్మంటే, నిప్పుల మీద కాల్చిన కోడికాళ్లు ఊహించుకుని వెళ్తారు. తీరా పళ్లెంలో కనిపించేది పీచుపీచుగా విడదీసిన పంది మాంసం, పక్కన పల్చటి వెనిగర్ రసం. అక్కడ బార్బెక్యూ అంటే ఆ మాంసమే. ఆరుబయట పొయ్యి మీద కాల్చుకు తినే విందుకు ‘కుకౌట్’ అని వేరే పేరుంది. ఏది తింటారో, ఏది తినరో ఆ పిలుపు అందినప్పుడే చెప్పేయడం మేలు. ఎవరూ ఏమీ అనుకోరు.

తినేవాళ్లకు మాత్రం ఇది ఇంట్లో చేసుకోదగ్గ వంటే. రాష్ట్రం తూర్పున పందిని మొత్తంగా కాల్చి, వెనిగర్, మిరప కలిపిన రసం పోస్తారు. లెక్సింగ్టన్ వైపు భుజం ఒక్కటే వండి, రసంలో కాస్త కెచప్ చేరుస్తారు. ఏది అసలైనదన్న వాదన మన గోంగూర, పప్పుచారు తగువుల్లాగే తెగదు.

కొట్లో అడగాల్సింది ‘బోస్టన్ బట్’. పేరు చూసి వెనక భాగమనుకుంటారు గానీ, అది ముందుకాలి పైనుండే భుజం. ఎముకతో సహా నాలుగైదు పౌండ్ల ముక్క చాలు. కొవ్వు ఎక్కువుందని ‘లాయిన్’ తెచ్చుకుంటే వంట చెడినట్టే. అది ఎంతసేపు ఉడికితే అంత ఎండిపోతుంది.

మనవాళ్లు పొరపడేది ఇక్కడే. చేయి అలవాటుగా చిన్న ముక్కలు కొట్టి, కుక్కర్లో నాలుగు విజిళ్లు రానిస్తారు. అప్పుడది కూర అవుతుంది, బార్బెక్యూ కాదు. ఉడకడం వేరు, విడిపోవడం వేరు. ముక్క లోపలి వేడి 145 డిగ్రీల ఫారన్‌హీట్ చేరి మూడు నిమిషాలు ఆగితే పంది మాంసం తినడానికి సురక్షితమే. కానీ ఆ వేడికి భుజం ఇంకా రబ్బరులా సాగుతుంది. కండను పట్టి ఉంచే కొలాజెన్ నిదానంగా కరిగి జిగురుగా మారాలి. 195 నుంచి 205 డిగ్రీల మధ్య అది వదులవుతుంది. ఓవెన్లో మూత లేకుండా పెడితే 160 దగ్గర ముక్క లోపలి వేడి గంటలకొద్దీ కదలదు. కుండలో నీళ్లు చల్లబడేది ఎందుకో ఇదీ అందుకే: తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. కంగారుపడి మంట పెంచక్కర్లేదు, అల్యూమినియం రేకు చుడితే సరి.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గుల పొయ్యి పెట్టనివ్వరు, కాబట్టి స్లో కుకరే దిక్కు. కట్టెల పొగ తగలనిదాన్ని బార్బెక్యూ అనడానికి అక్కడి పెద్దలు ఒప్పుకోరనుకోండి. ముందురోజు రాత్రి ఉప్పు, మిరియాల పొడి, బ్రౌన్ షుగర్, పాప్రికా పట్టించి ఫ్రిజ్‌లో ఉంచాలి. పాప్రికా రంగుకే ఎక్కువ, కారం తక్కువ. అదే కొలతలో గుంటూరు కారం వేస్తే మిగిలేది కన్నీళ్లే. పొద్దున్నే అడుగున ఉల్లిచక్రాలు పరిచి, ముక్క పెట్టి, ‘లో’ మీద ఎనిమిది నుంచి పది గంటలు వదిలేయాలి. మూత తీసి చూసిన ప్రతిసారీ వేడి పోయి, మరో ఇరవై నిమిషాలు పడుతుంది.

అయిందో లేదో ఎముకే చెబుతుంది. పట్టి లాగితే మాంసం అంటకుండా, కడిగినట్టు తెల్లగా ఊడి రావాలి. పది నిమిషాలాగి, రెండు ఫోర్కులు ఎదురెదురుగా గుచ్చి లాగితే పీచులు పొడుగ్గా విడిపోతాయి. ముద్దగా పోయేదాకా చిదమకూడదు. కప్పు యాపిల్ సైడర్ వెనిగర్‌లో చెంచా దంచిన ఎండుమిరప, ఉప్పు, చిటికెడు పంచదార కలిపి కొద్దికొద్దిగా పోయాలి. కుకర్ అడుగున మిగిలిన రసం మీద తేలిన కొవ్వు తీసేసి, అదీ రెండు గరిటెలు కలపొచ్చు.

బన్నులో క్యాబేజీ తరుగుతో తినడం అక్కడి తీరు. పక్కన హష్ పప్పీలు, అంటే మొక్కజొన్న పిండి పునుగులే. ఆఫీసు విందుకు పట్టుకెళ్తే గిన్నె మీద ‘పోర్క్’ అని చీటీ అంటించి, గరిటె విడిగా పెట్టాలి. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరితే నాలుగు రోజులు నిలుస్తుంది. మర్నాడు ఇనప పెనం మీద కరివేపాకు, పచ్చిమిర్చితో అంచులు కరకరలాడేలా వేయించుకుని వేడన్నంలో కలుపుకుంటే లెక్సింగ్టన్ వాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు గాని, పెనం మాత్రం ఖాళీ అవుతుంది.