కొన్నది ఆటా, అనుమతా?

వీడియో గేములు కాలక్షేపం వ్యవహారమనీ, సావనీరులో వాటికి చోటెందుకనీ కొందరు మిత్రులు అనవచ్చు. కాని ఇందులో ఆటకు మించిన ప్రశ్న ఒకటుంది. డబ్బిచ్చి కొన్నది మనదేనా? నల్లరేగడిలో పత్తి, మిరప వేసే మా బోటి ఇళ్లవాళ్లకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు.

ముందు పాత పద్ధతి చూద్దాం. 1990లలో టీవీకి తగిలించి ఆడిన ఆటల 'క్యాసెట్'లో నిజానికి టేపు ఉండదు. రోమ్ అనే చిప్ ఉంటుంది. ఆట మొత్తం అందులోనే చెరగకుండా రాసి ఉంటుంది. (మన బజార్లలో అమ్మినవి చాలావరకు దొంగ కాపీలే, అది వేరే సంగతి.) మీట నొక్కితే యంత్రం ఆ చిప్‌ను చదువుకుంటుందే గాని ఎవరి అనుమతీ అడగదు. స్నేహితుడికి ఎరువిచ్చినా, సగం ధరకు అమ్ముకున్నా అడ్డుపడేవాడు లేడు.

డిజిటల్ ఆట అలా కాదు. మనకు దక్కేది ఫైలూ, దాన్ని వాడుకునే లైసెన్సూ మాత్రమే. ఎవరి ఖాతాలో ఏముందనే చిట్టా కంపెనీ సర్వర్లో ఉంటుంది. కొన్ని ఆటలైతే సర్వరు లేనిదే కదలవు. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన 'ది క్రూ'కు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు కొని బీరువాలో దాచుకున్నవాళ్లకు కూడా మిగిలింది ప్లాస్టిక్కే! మన దేశంలో 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. అక్టోబరు 30న సర్వర్లు ఆగాయి. కుర్రాళ్లు డబ్బు పోసి కొన్న తుపాకుల రంగులు, దుస్తులు అందకుండాపోయాయి. 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతా సరుకు తెచ్చుకోనిచ్చారు నిజమే, కాని అది ఇచ్చినవాడి దయ, మన హక్కు కాదు.

ఇక విత్తనం దగ్గరకొద్దాం. లాం పరిశోధనా కేంద్రం ఇచ్చిన ఎల్.సి.ఎ. 334 వంటి సూటి రకం మిరపలో మంచి కాయలు ఏరి గింజ దాచుకుంటే మరుసటేడు నారు పోసుకోవచ్చు. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి మన దగ్గర హైబ్రిడ్‌గా వచ్చింది. దాని గింజ దాచి వేస్తే, మెండెల్ చెప్పినట్టు, రెండో తరంలో లక్షణాలు విడిపోతాయి. చేను ఒక్క తీరుగా రాదు. అందుకని ఏటా ప్యాకెట్టు కొనాల్సిందే. పైగా ఒకప్పుడు ఆ ధరలో గింజ ఖరీదు కొంత, జన్యువు తాలూకు రుసుము కొంత ఉండేవి. 450 గ్రాముల ప్యాకెట్టు 1600 రూపాయల పైన పలుకుతుంటే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో ఈ రుసుముపై గుత్తవ్యాపార నిరోధక కమిషనుకెక్కి, ధరను 750కి దింపించింది.

చిత్రమేమిటంటే, 2001 నాటి చట్టం 39వ సెక్షన్ రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోనూవచ్చు అంటోంది. అంటే చట్టం ఒప్పుకున్నా మొక్క ఒప్పుకోదు. ఆటలో తిరగబడింది! వెయ్యోసారి తీసిన కాపీ కూడా అచ్చం మొదటిదే, తరాలు మారినా గుణం చెడదు. అడ్డేదల్లా కంపెనీ రాసుకున్న ఒప్పందం, అది వేసిన తాళమూను. మొక్క స్వభావాన్ని మనం మార్చలేం గాని, మనుషులు రాసిన ఒప్పందాన్ని మనుషులే మార్చవచ్చు గదా?

ఆ ప్రయత్నాలు మొదలైనవి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఇచ్చేది లైసెన్సేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకుకు 'కొనండి' అనే మాట వాడకూడదు. సర్వరు ఆపినా ఆట ఆడగలిగేలా వదిలిపెట్టాలని కోరుతూ యూరపులో పెట్టిన అర్జీపై 2025లో పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. మరోవైపు అదే ఏడు నింటెండో స్విచ్ 2తో 'గేమ్ కీ కార్డు' వచ్చింది. చేతికి కార్డు వస్తుంది, ఆట మాత్రం అందులో ఉండదు, నెట్ నుంచి దించుకోవాలి. కాబట్టి డబ్బా చూసి మోసపోకండి. కొనేముందు నెట్ లేకుండా ఆడుతుందో లేదో కనుక్కోండి.