ముందు కాపీ, తర్వాతే రిపేరు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

కంప్యూటర్ షాపులో పని శ్రద్ధగా నేర్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. పెళ్లి ఫొటోలు తీసే ఆయన తెచ్చిన డ్రైవ్‌ను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో 'కాషన్' అని చూపిస్తోంది. ఫోల్డర్లు ఇంకా తెరుచుకుంటున్నాయి కాబట్టి చెక్‌డిస్క్ పెట్టి బాగుచేయనా అని అడిగావు. వద్దురా. ముందు సిస్టమ్ ఆపేసి, ఆ డ్రైవ్ తీసి పక్కన పెట్టి, ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

ఆ పసుపు రంగు వెనక ఉన్నది స్మార్ట్ అనే ఏర్పాటు. తన లోపల ఏం జరుగుతోందో డ్రైవ్ తానే లెక్క రాసుకుంటుంది. ఆ పట్టికలో ఉన్న వరసలన్నీ చూసి బెంబేలు పడకు. చాలావాటి అర్థం కంపెనీకో తీరుగా ఉంటుంది. సీగేట్ డ్రైవుల్లో రీడ్ ఎర్రర్ రేటు దగ్గర కొండంత అంకె కనబడుతుంది, అది మామూలే. నువ్వు ముందు చూడాల్సినవి 5, 197, 198 నంబర్ల వరసలు. దొరికితే 187 కూడా. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఈ నంబర్లను హెక్సాలో రాస్తుంది కాబట్టి 197 నీకు సీ5గా, 198 సీ6గా కనబడతాయి. పక్కనున్న రా వాల్యూ కూడా మామూలుగా హెక్సాలోనే ఉంటుంది. 10 అని ఉంటే అది పదహారు. సెట్టింగుల్లో దశాంశానికి మార్చుకో, లేకపోతే కస్టమర్‌కి తప్పు లెక్క చెబుతావు.

197 అంటే పెండింగ్ సెక్టార్లు. డ్రైవ్ ఒక సెక్టార్‌ని చదవబోయి చదవలేకపోయింది. అది నిజంగా పాడైందా, లేక రాత మాత్రమే చెదిరిందా అన్నది అప్పుడే తేల్చదు. తిరిగి అక్కడ ఏదైనా రాసినప్పుడు పరీక్షించుకుంటుంది. రాత నిలిస్తే ఆ సెక్టార్‌ని పెండింగ్ జాబితాలోంచి తీసేస్తుంది. నిలవకపోతే దాని బదులు రిజర్వులో ఉన్న మరో సెక్టార్‌ని వాడుకుని, 5వ నంబరు వరసలో లెక్క పెంచుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఫుల్ ఫార్మాట్ చేస్తే పెండింగ్ అంకె సున్నాకి వచ్చేయొచ్చు. దాన్ని చూపించి 'బాగుచేశాం' అని డబ్బులు తీసుకునే షాపులు లేకపోలేదు. అక్కడ సున్నా అయింది అంకె ఒక్కటే కాదు, ఆ సెక్టార్లో ఉన్న ఫొటో కూడా.

199 మాత్రమే పెరుగుతుంటే గాభరా పడకు. అది చాలాసార్లు సాటా కేబుల్ గొడవ. కేబుల్ మార్చి చూడు. పాత అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

ఈ హెచ్చరికల్ని ఎంతవరకు నమ్మాలంటావా? 2007లో గూగుల్ ఇంజనీర్లు పిన్‌హీరో, వెబర్, బరోసో లక్షకు పైగా డ్రైవుల్ని పరిశీలించి ఒక పరిశోధనా పత్రం రాశారు. తొలి స్కాన్ ఎర్రర్ కనబడిన డ్రైవ్, ఎర్రర్ లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువగా 60 రోజుల్లోపు పోయే అవకాశం ఉందని తేల్చారు. అలాగని హెచ్చరించిన ప్రతి డ్రైవూ వెంటనే చావలేదు, నెలల తరబడి నడిచినవీ ఉన్నాయి. నాకు ఎక్కువ భయం కలిగించింది అదే పత్రంలోని ఇంకో మాట: పోయిన డ్రైవుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత సంగతి పక్కన పెడితే, ఏ స్మార్ట్ సూచనా ఇవ్వకుండానే పోయాయి. అంటే మీ ఫొటోల ఆయన అదృష్టవంతుడు. ఆయన డ్రైవ్ చెప్పి పోతోంది.

గోడ పగులు విచ్చిన ఇంట్లోంచి ముందు మనుషుల్నీ, బియ్యం బస్తాల్నీ బయటికి చేరుస్తారు, మేస్త్రీని తర్వాత పిలుస్తారు. నీ పనీ ఆ వరసలోనే సాగాలి. చెక్‌డిస్క్‌కి స్లాష్ ఆర్ తగిలిస్తే అది డిస్క్ మొత్తం చదువుతుంది, పైగా మరమ్మతు పేరుతో అదే డిస్క్ మీద రాస్తుంది. అరకొరగా ఉన్న ఫైళ్లు చివరికి పేర్లు పోయిన ముక్కలుగా మిగలొచ్చు. డీఫ్రాగ్ అంతకన్నా దారుణం. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విండోస్ 'ఫార్మాట్ చేయమంటారా' అని అడిగితే, ఎన్నిసార్లు అడిగినా, వద్దనే చెప్పు.

ముందు ఆయనకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగు: మళ్లీ తీయలేని ఫొటోలు ఏ ఫోల్డర్లో ఉన్నాయి? ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెళ్లిళ్లు మొదట, పాతవి తర్వాత, సినిమాలు అసలు వద్దు. డ్రైవ్ సాఫీగా చదువుతుంటే పెన్‌డ్రైవ్ మీంచి లైనక్స్ బూట్ చేసి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, ఆ ఫోల్డర్లు కాపీ చేసుకో. ఎక్కడైనా ఆగి మొరాయిస్తే అక్కడితో ఫైళ్ల కాపీ మానేసి అన్‌మౌంట్ చెయ్యి. ఇక జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి.

అది ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఉచిత ప్రోగ్రాం, నాకు దానిమీద అభిమానం ఎక్కువ. తేలిగ్గా చదవగలిగే భాగాల్ని ముందు లాగేస్తుంది, చెడ్డచోట్లని గుర్తుపెట్టుకుని దాటేస్తుంది, చివర్లో మళ్లీ వాటి దగ్గరికి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మొదటికి రాదు. ఆ మ్యాప్‌ఫైల్‌ని జబ్బు డ్రైవ్ మీద కాదు, వేరేచోట పెట్టు. కాపీ పడే డ్రైవ్ అసలుదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలి. కమాండ్‌లో ముందు రాసేది మూలం, తర్వాతది గమ్యం. ఇవి తారుమారైతే ఖాళీ డ్రైవ్ వెళ్లి పెళ్లిళ్ల మీద కూర్చుంటుంది. సీరియల్ నంబరు చూసి, చదివి, అప్పుడు ఎంటర్ నొక్కు. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడాలంటే, తర్వాత ఈ కాపీ మీద వాడుకో.

డ్రైవ్ టకటక కొట్టుకుంటే మాత్రం ఇవేవీ వర్తించవు. వెంటనే కరెంటు తీసెయ్. హెడ్డుకీ పళ్లేనికీ మధ్య ఎడం నానోమీటర్లలో ఉంటుంది, షాపులో తేలే దుమ్ము అంతకంటే ఎంతో పెద్దది. మూత విప్పొద్దు, ఫ్రీజర్‌లో పెట్టొద్దు. క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్‌కి పంపమని చెప్పు, ఖర్చు బాగా అవుతుందని కూడా ముందే చెప్పు.

వారంటీ ఉంటే కొత్త డ్రైవ్ వస్తుంది, ఫొటోలు రావు. ఆ తేడా కస్టమర్లకి తోచదు, నువ్వే చెప్పాలి. ఎస్‌ఎస్‌డీల తీరు వేరు, అవి ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా పోగలవు. వాటి గురించి ఇంకోసారి రాస్తాను.

కాపీ పూర్తయ్యాక వేర్వేరు ఫోల్డర్లలోంచి ఫొటోలు తెరిచి, పూర్తిసైజులో చూడు. థంబ్‌నెయిల్ బాగుండి లోపల సగం బూడిదరంగు ఉండేవి కొన్ని తగులుతాయి. కాపీ సరిపోయాక కూడా పాత డ్రైవ్‌ని చెరిపెయ్యకు. ఆయన తన ఫొటోలు చూసుకుని సరే అన్న తర్వాతే దాని సంగతి. ఆ పసుపు డ్రైవ్‌ని మళ్లీ ఆయన పనికి ఇవ్వొద్దు, పెండింగ్ సున్నాకి వచ్చినా సరే. ఈసారి రెండు డ్రైవులు కొనమను. ఒకటి స్టూడియోలో, రెండోది ఇంట్లో ఉంచుకోమను.

ఇట్లు,
మీ మావయ్య