అన్నం పెట్టిన చెయ్యి, సంచి మీది పేరు

తాండూరు



నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. కలబురగిలో రాత్రి బండి తప్పిపోతే ఆ సావుకారు నిన్ను లాడ్జికి పోనీయకుండా ఇంటికి తీసుకుపోయాడని, ఆయన భార్య వేడి జొన్నరొట్టెలు, పల్లీల పొడి పెట్టి తన కూతురి పక్కనే పడక వేసిందని రాశావు. ఆ తల్లికి ఇక్కడి నుంచే దండం పెట్టాను. మీ అమ్మ కూడా అప్పుడే స్థిమితపడింది.

కానీ తర్వాతి పేజీ? దిగుమతి కంది సగం కలిపి తాండూరు పేరుతో సంచులు కుట్టించమని ఆయన అన్నాడు. తిన్న ఉప్పు గుర్తొచ్చి నువ్వు చూస్తానని వచ్చేశావు. నా భయమంతా అక్కడే బిడ్డా.

తాండూరు పేరు మన మిల్లు సొత్తు కాదు. యాలాల రైతుల కంపెనీ దరఖాస్తు పెడితే 2022 డిసెంబరులో మన కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లోతైన నల్లరేగడి, అందులోని అట్టపల్గైట్ బంకమట్టి, కింద సున్నపురాతి పొరలు, వాన మీదే బతికే పైరు: ఇవన్నీ కలిస్తేనే ఆ రుచి, ఆ ఉడుకు, ఆ నిల్వగుణం. మొజాంబిక్ కంది, మయన్మార్ కంది చెడ్డవని నేననను. దేశంలో పండింది చాలనప్పుడు అవే మన పప్పుకుండను ఆదుకుంటున్నాయి. అమ్ము, వాటి పేరుతో అమ్ము. రెండు రకాలు ఒక కుండలో పడితే ఒకటి మెత్తబడేసరికి రెండోది పలుకుగానే ఉంటుంది. వండిన ఇల్లాలు తిట్టేది నిన్ను కాదు, తాండూరును. డిసెంబరు చలిలో కంది కోసే మనిషికి పడుతుంది ఆ తిట్టు.

కల్తీ చిన్నదిగానే మొదలవుతుంది. ఇవాళ దిగుమతి కంది, రేపు మెరుపు కోసం నూనె, ఎల్లుండి పసుపు రంగు, ఆ తర్వాత కేసరి పప్పు. అదే పనిగా తింటే కాళ్లు చచ్చుబడతాయని 1961లోనే నిషేధించిన పప్పు అది. అంత దూరం నువ్వు పోవని తెలుసు. అయినా రాయకుండా ఉండలేను. తిడుతున్నాననుకోకు తల్లీ. అర్ధరాత్రి దాకా లెక్కల ముందు కూర్చుంటున్నావట, వేళకు తింటున్నావా?

నాకు మీసం మొలిచే వయసులో మీ తాతతో గుల్బర్గా (ఇప్పటి కలబురగి) గంజ్‌కు పోయి వస్తుంటే వాడీ జంక్షన్‌లో బండి తప్పింది. టీ అమ్మే ముసలాయన మమ్మల్ని తన పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోవే, భాష పేరుతో మనల్ని విడదీశారని ఆయన బాధ. భాషకో రాష్ట్రం ఉండాల్సిందేనని మీ తాత పట్టు. తెల్లవార్లూ ఉర్దూలో వాదించుకున్నారు. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. ఆయన టీ పోస్తూనే ఉన్నాడు, తన దుప్పటి తీసి నాకు కప్పాడు, పొద్దున పైసా ముట్టలేదు. ఆ తర్వాత వాడీ మీదుగా ఎప్పుడు పోయినా మీ తాత ఆయన చేతిలో ఒక పప్పు మూట పెట్టేవాడు. పాత వాదం మళ్లీ అందుకునేవాడు. ఆ ముసలాయన మేలును మీ తాత ఏనాడూ మరవలేదు, తన మాటనూ వదులుకోలేదు.

నువ్వూ అలాగే చెయ్యి. మేలు ఒక ఖాతా, బేరం ఇంకో ఖాతా. ఒకదాని బాకీ రెండోదాంట్లో జమ కట్టకు. సావుకారుకు ఈ వారమే ఉత్తరం రాయి. ముందు ఆ రొట్టెల మాట, ఆ పడక మాట మనసారా రాయి. తర్వాత కలపడం కుదరదని సూటిగా రాయి, సాకులు వెతకకు. వాళ్ల గుల్బర్గా కందికి 2019లోనే గుర్తింపు వచ్చింది కదా, దాన్ని ఆ పేరుతోనే మన అంగట్లో అమ్మిపెడతానని చెప్పు. ఆయనకూ నాలుగు రూపాయలు మిగులుతాయి.

కొత్త పప్పు ఒక బస్తా కలబురగి శరణబసవేశ్వరుని గుడి దాసోహానికి ఆ ఇంటివాళ్ల పేరున పంపు, ఖర్చు నాది. మన తాండూరు భద్రేశ్వరుడి జాతరకు వాళ్లందరినీ పిలువు. మన ఇంట్లోనే ఉంటారు.

ఆయనకు కోపం వస్తే రానీ. ఆడపిల్లను చీకట్లో రోడ్డు మీద వదలని మనిషి, నువ్వు నిజం చెప్పినందుకు నిన్ను దూరం చేసుకోడు. ఒకవేళ చేసుకున్నా పప్పు బస్తా మాత్రం ఆపకు.

ఉత్తరం పోస్టు చేశాక నాకు ఫోన్ చెయ్యి.

నీ
పెద్దనాయన